పల్లెబాటలు – పాదచారులు

గ్రామమునకు దారి కావలెననగానే మన మనస్సునకు మొదట తోచునది తారురోడ్డు. ఆ వెంటనే దానిపై పరుగెత్తు బస్సు, లారీ. అర్జీలలో వ్రాయునదియు, సభలలో అడుగునదియు అదే. ఆ కోరిక న్యాయమైనదే. కాని పల్లెలో తెల్లవారినది మొదలు దీపాలవేళ వరకు జరుగు ప్రయాణములను ఒక్కొక్కటిగా లెక్కించి చూడుడు. పాలు పోయుటకు కేంద్రమునకు పోవు ఇల్లాలు, పలక సంచి తగిలించుకొని బడికి పోవు పిల్లవాడు, మడకకు ఎద్దులను తోలుకొని చేనికి పోవు రైతు, మల్బరీ ఆకు కోయుటకు పోవు కూలీలు, పింఛనుకొరకు బయలుదేరిన ముసలమ్మ, బస్సు పట్టుకొనుటకు పెద్దరోడ్డుకు పోవు కళాశాల విద్యార్థిని — వీరందరును నడిచి పోవువారే. లేదా సైకిలుమీద పోవువారు. పల్లె ప్రయాణములలో అధిక సంఖ్య కాలినడకదే అయినను, పల్లెదారులను గురించిన మన ఆలోచనలో పాదచారికి చోటు లేకపోయినది. ఈ లోపము ఎట్లు వచ్చినది, దీనిని తక్కువ వ్యయముతో ఎట్లు సరిదిద్దుకొనవచ్చును అను రెండు విషయములను ఈనాడు మనవి చేయదలచినాను.

ఉదాహరణమునకు చిత్తూరు జిల్లా పడమటి అంచుననున్న బైరెడ్డిపల్లె ప్రాంతమును తీసికొందము. ఇది మైసూరు పీఠభూమి తూర్పున కొండలుగా విరిగి దిగుచోట నున్న మెట్టసీమ. కర్ణాటక సరిహద్దు ప్రక్కనే. తమిళనాడు హద్దు సైతము దూరము కాదు. సంతలో నిలుచున్నచో తెలుగు, కన్నడము, తమిళము మూడును చెవిని పడును. బస్సునకు, ఆసుపత్రికి పలమనేరు, కూరగాయల అమ్మకమునకు వెంకటగిరికోట, రైలునకు కుప్పము, ఉత్తరమున పుంగనూరు, ఆపైన టొమాటోల వ్యాపారమునకు పేరుపడిన మదనపల్లె — ఈ ఊళ్లతో ఇక్కడి ప్రజల జీవనము ముడిపడియున్నది. ఏటి పారుదల లేని నేల. చెరువులు, బోరుబావులు, పాడిపశువులు, పట్టుపురుగులు, టొమాటోలు — ఇవియే బ్రతుకు తెరువులు. గ్రామములు పెద్దవి కావు. ఒక్క గ్రామమనబడునది నాలుగైదు పల్లెలుగా, వాడలుగా విడిపోయి, మిట్టలమీద, చెరువుకట్టల వెంబడి చెదరియుండును. అందుచేత బడి ఒకచోట, రేషను దుకాణము మరియొకచోట, బస్సు నిలుచుచోటు వేరొకచోట. ఈ మధ్య దూరములు కిలోమీటరో, రెండో, మూడో. మోటారుకు ఇది దూరమే కాదు. కాలికి మాత్రము ఇది ప్రతిదినపు బరువు.

పట్టణవాసులు కొందరు, "ఇప్పుడు ఇంటింటికి మోటారుబండి ఉన్నది కదా, నడుచువారెవ్వరు?" అని అడుగుదురు. ఇంటింటికి ఉన్నదనియే అనుకొందము. ఆ బండి ఒక్కటే. దానిమీద ఇంటి మగవాడు పనికి పోవును. మిగిలిన నలుగురు నడిచి పోవుదురు. నడుచువారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, భూమి లేనివారు ఎక్కువగా నుండుట యాదృచ్ఛికము కాదు. 2011 జనాభా లెక్కలలో సేద్యమును, గృహపరిశ్రమలను విడిచి తక్కిన వృత్తులవారు పనికి ఎట్లు పోవుచున్నారో విచారించిరి. దేశము మొత్తమున నడిచి పోవువారు సుమారు నాలుగున్నర కోట్లు, సైకిలుపై పోవువారు రెండున్నర కోట్లకు పైగా నుండగా, కార్లు, జీపులలో పోవువారు అరకోటికి అటునిటుగా మాత్రమే ఉండిరి. గమనింపవలసిన విశేషమేమనగా, చేనికి నడిచి పోవు రైతులును, రైతుకూలీలును ఆ లెక్కలో చేరనే లేదు. బడిపిల్లలును చేరలేదు. అనగా మన పల్లె నడకలో పెద్దభాగము లెక్కకెక్కనే లేదన్నమాట. లెక్కలో లేనిది ప్రణాళికలోనికి రాదు. ప్రణాళికలో లేనిదానికి పైకము కేటాయింపబడదు.

పూర్వము దారి అనునది ముఖ్యముగా నడుచువానికొరకే ఏర్పడియుండెను. బాటసారికి చలివేంద్రము పెట్టుట, సత్రము కట్టించుట, బావి త్రవ్వించుట, బాట కిరువైపుల చింతలు, మఱ్ఱులు, రావులు నాటించుట పుణ్యకార్యములని మనవారు నమ్మిరి. దక్షిణదేశపు పాతబాటల ప్రక్కన కొన్నిచోట్ల రెండు రాళ్లు నిలువుగా పాతి, వానిపై అడ్డముగా బండ పరచి యుంచుట చూడవచ్చును. తలమీది గంపను, మూటను ఒకరి సాయము లేకుండ దింపుకొని, అలసట తీరిన పిమ్మట మరల ఎత్తుకొనుటకు అనువుగా, మనిషి తల యెత్తుకు సరిగా ఆ బండను అమర్చిరి. తమిళులు దానిని సుమైతాంగి అందురు. బరువు మోయునది అని అర్థము. బరువుతో నడుచు మనిషి కష్టమును ఊహించినవాడే ఆ రాయిని నిలిపియుండును. చెన్నపట్నపు ప్రభుత్వము 1871లో లోకల్ ఫండు చట్టమును, 1884లో లోకల్ బోర్డుల చట్టమును చేసిన తరువాత రోడ్లు బోర్డుల చేతికి వచ్చినవి. అప్పుడును రోడ్డుప్రక్క చెట్లు రోడ్డులో భాగముగానే ఎంచబడినవి. చింతచెట్ల నీడ బాటసారికి, వాని ఫలసాయపు వేలము పైకము బోర్డుకు.

ఆ పిమ్మట మోటారు వచ్చినది. రాకపోకల దిక్కుగా అది చేసిన మేలు సామాన్యమైనది కాదు. నిజాము రాష్ట్రములో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణాశాఖ క్రమక్రమముగా పెరిగి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1958 జనవరి 11వ తేదీన రోడ్డు రవాణాసంస్థ అయినది. మూలమూలలనున్న గ్రామములకు బస్సు రావలెనన్నచో రోడ్డు కావలెను. 1943 నాటి నాగపూరు ప్రణాళిక జాతీయ రహదారులు మొదలు గ్రామపు దారుల వరకు రోడ్లను తరగతులుగా విభజించినది; వ్యవసాయ ప్రాంతములలో ఏ గ్రామమును ముఖ్యమైన రోడ్డునకు అయిదుమైళ్లకంటె దూరముగా నుండరాదని ఆశించినది. 2000 డిసెంబరు 25వ తేదీన ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన, మైదానములలో 500 జనాభా గల ప్రతి నివాసస్థలమునకు అన్ని ఋతువులలో పనికివచ్చు రోడ్డు వేయవలెనని సంకల్పించినది. వానకాలములో వంక పొంగినచో ప్రపంచముతో సంబంధము తెగిపోవు పల్లెలకు ఇది వరమైనది. గర్భిణీ స్త్రీని మంచముపై మోసికొనిపోవు దుస్థితి ఎన్నో ఊళ్లలో తొలగినది. ఆ మేలును మరచి మాటలాడుట కృతఘ్నత.

అయితే ఈ రోడ్లన్నిటిని మనము ఒకే కొలతతో కొలిచితిమి: వాహనము పోవునా, పోదా? వాహనము పోయినచో గ్రామమునకు దారి ఉన్నట్లే. ఆ దారిమీద ఎనిమిదేండ్ల పిల్ల ఒంటరిగా బడికి నడువగలదా అని అడుగలేదు. మట్టిరోడ్డుమీద గతుకులే వాహనవేగమునకు కళ్లెము. తారు పడినంతనే ఆ కళ్లెము ఊడిపోయినది. నిన్నటివరకు ఎద్దులబండి వెనుక మెల్లగా వచ్చిన ట్రాక్టరు, ఇసుకలారీ, మోటారుసైకిలు ఇప్పుడు ఊరినడుమ సైతము గంటకు 60 కిలోమీటర్ల వేగముతో దూసికొని పోగలుగుచున్నవి. 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. మొత్తము మరణములలో దాదాపు మూడింట రెండువంతులు గ్రామీణ ప్రాంతములలోనే సంభవించినవి. రోడ్డు ప్రమాదము నగరపు జబ్బు అనుకొనుట మన భ్రమ.

ఇక్కడ శ్రోతలు ఒక్క విషయమును ప్రత్యేకముగా గుర్తుంచుకొన ప్రార్థన. గ్రామపు రోడ్డు నిర్మాణమునకు ఇంజనీర్లు అనుసరించు ప్రమాణములలో సామాన్యముగా తారుపట్టీ వెడల్పు 3.75 మీటర్లు, రోడ్డు మొత్తము వెడల్పు 7.5 మీటర్లు. రాకపోకలు తక్కువగా ఉన్నచోట తారు 3 మీటర్లు, మొత్తము 6 మీటర్లు. అనగా తారునకు ఇరువైపుల ఒక్కొక్క దిక్కున ఒకటిన్నర మీటరుకు తక్కువకాని మట్టిపట్టీ ఉండవలెను. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు దీనినే బెర్ము అందురు. ఎదురుగా వచ్చు వాహనమునకు దారి ఇచ్చుటకు, తారు అంచు తెగకుండ కాపాడుటకు దీనిని ఉద్దేశించిరి. ఇద్దరు మనుష్యులు ప్రక్కప్రక్కన నడుచుటకు, సైకిలు పోవుటకు అది చాలును. కావున పాదచారికి చోటు కాగితముమీద లేకపోలేదు, నేలమీదనే లేదు. అది ఏమైనది? వానలకు కోసికొనిపోయి తారు అంచున జానెడు లోతు పడినది. కంపచెట్లు అల్లుకొన్నవి. కొన్నిచోట్ల పెంటదిబ్బలు, కట్టెల మోపులు, ఇసుకకుప్పలు వెలసినవి. మరికొన్నిచోట్ల చేను ఒక్కొక్క సాలుగా జరిగి రోడ్డుమీదికి వచ్చినది. నడుచువాడు గత్యంతరము లేక తారుమీదికి ఎక్కును; వెనుకనుండి లారీ కూత వినబడగానే కంపలోనికి దుముకును. గ్రామసడక్ రోడ్లకు మొదటి అయిదేండ్లు మరమ్మతు బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. ఆ బాధ్యతలో ప్రక్కమట్టిని సరిచేయుటయు చేరియున్నది. ఈ సంగతి తెలిసి అడుగు గ్రామస్థులు మాత్రము అరుదు. తారు లేచిపోయినచో ఫిర్యాదు పోవును. మట్టి కొట్టుకొనిపోయినచో ఎవ్వరును పట్టించుకొనరు.

ఇప్పుడు ఈ సీమకు మరియొక పెద్దదారి వచ్చుచున్నది. బెంగుళూరు – చెన్నై ఎక్స్‌ప్రెస్ రహదారికి 2022 మే 26వ తేదీన ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. దీని పొడవు సుమారు 262 కిలోమీటర్లు. ఆంధ్రదేశమున ఈ రహదారి పనులను విభాగించినప్పుడు రెండు విభాగములకు బైరెడ్డిపల్లె పేరే వచ్చినది: బేతమంగళ నుండి బైరెడ్డిపల్లె వరకు ఒకటి; బైరెడ్డిపల్లె నుండి బంగారుపాళ్యము వరకు మరియొకటి. రెండు మహానగరముల నడుమ పయనించువారికి దీనివలన ఎన్నో గడియలు కలిసివచ్చును. సరకుల రవాణా సులభమగును. కాని ఇటువంటి రహదారి ఊళ్లను కలుపు దారి కాదు. ఊళ్లను దాటిపోవు దారి. నిర్ణయించిన తావులందు తప్ప ఎక్కుటకు గాని దిగుటకు గాని వీలుండదు. గంటకు 120 కిలోమీటర్ల వేగమునకు తగినట్లు రూపొందింపబడు అటువంటి మార్గమున పాదచారికి, సైకిలుకు, ఎద్దులబండికి స్థానము లేదు. ఉండుట క్షేమమును కాదు.

అయినచో గ్రామస్థుడు కోరవలసినదేమి? ఆ దారిమీద నడుచుటకు హక్కు కాదు. ఆ దారిని దాటుటకు హక్కు. ఎత్తుగా కట్టమీద, కంచె కట్టుకొని పోవు రహదారి ఒక నదివంటిది. నిన్న వరకు పదినిమిషములలో చేరుకొన్న చేను నేడు రహదారికి ఆవలి ఒడ్డున ఉండును. అడుగున దారి వదలనిచో, లేదా దూరముగా వదలినచో, ఆ పదినిమిషముల నడక గంట నడక అగును. మోటారువానికి రెండు కిలోమీటర్ల చుట్టు ఒక లెక్క కాదు. నెత్తిన గడ్డిమోపు ఉన్న స్త్రీకి అది పగటిలో నాలుగవవంతు. చుట్టుదారికి ఓర్వలేక కంచె త్రెంచి దాటబోయినవాడు ప్రాణము పోగొట్టుకొనును. అందుచేత ప్రతి పాత బండిబాటకు, పశువుల బాటకు ఎదురుగా అడుగుదారి ఉన్నదా, దాని అడుగున వాననీరు నిలువకుండ కాలువ కట్టిరా, సాయంకాలము వెలుతురు కొరకు దీపమున్నదా అను మూడు ప్రశ్నలను పనులు జరుగుచున్నప్పుడే అడుగవలెను. కాంక్రీటు గట్టిపడిన తరువాత అడిగిన ప్రశ్నకు బదులు రాదు. దూరపు కొండలు నునుపు అన్నట్లు, పెద్దరహదారి పటములో సొగసుగా కనబడును. దాని గరుకుదనము ప్రక్కన నివసించువానికే తెలియును.

ఇక చేయవలసిన పనుల మాట. మొదటిది నడకదారి. ఊరినుండి బడివరకు, ఊరినుండి బస్సు నిలుచు చోటువరకు — ఈ రెండు దారుల ప్రక్కమట్టిని నింపి, గ్రావెలు పరచి, దిమ్మిసకొట్టి, తారుతో సమమట్టముగా ఉంచినచో సగము సమస్య తీరును. కల్వర్టుల దగ్గర రోడ్డు ఇరుకగుట సామాన్యము. అక్కడ పిట్టగోడకు ఆవల నడకకు వేరుగా బండలు పరచవలెను. ఎండకాలములో నీడలేని బాట బాట కాదు. కాబట్టి కానుగ, వేప, చింత మొక్కలను రోడ్డంచునకు కొంత ఎడముగా, మలుపులలో చూపునకు అడ్డురాకుండ నాటవలెను. ఊరినడుమ వాహనవేగము గంటకు 30 కిలోమీటర్లకు మించరాదు. ఈ అంకె ఊరకనే చెప్పినది కాదు. మనుష్యులును వాహనములును కలిసి మెలగు వీధులలో ఈ హద్దునే పాటింపవలెనని 2020లో స్టాక్‌హోములో సమావేశమైన ప్రపంచదేశముల ప్రతినిధులు ప్రకటించిరి. ఆ వేగమున తగిలిన దెబ్బకు మనిషి సామాన్యముగా ప్రాణముతో బయటపడును. వేగము పెరిగినకొలది ఆ ఆశ త్వరత్వరగా సన్నగిల్లును. అయితే బోర్డు కట్టినంతమాత్రమున వేగము తగ్గదు. ఊరు మొదట, బడి యెదుట ప్రమాణము ప్రకారము కట్టిన ఎత్తుపట్టీయే తగ్గించగలదు. ఇష్టము వచ్చినట్లు గుట్టవలె పోసిన దిబ్బలు ప్రమాదములను తగ్గించుటకు మారు క్రొత్తవి తెచ్చిపెట్టును.

ఇది సంపన్నదేశముల విలాసమని అనుకొనరాదు. నేడు సైకిళ్లకు నెలవని పేరుపొందిన నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదములందు మూడువేలకు పైగా మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి, పిల్లల ప్రాణములకు విలువ కట్టెదరా లేదా అని ప్రభుత్వమును నిలదీసిరి. ఆ తరువాతనే అక్కడ సైకిలుబాటలు, నిదానపు వీధులు విస్తరించినవి. ఆ సౌకర్యములు ఆకాశమునుండి ఊడిపడినవి కావు; అడిగి సాధించుకొన్నవి.

రెండవది సైకిలు. పాదచారి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుచును. సైకిలుపై అదే శ్రమతో, ఇంకను చెప్పవలెనన్న అంతకు తక్కువ శ్రమతో, పన్నెండు మొదలు పదునైదు కిలోమీటర్లు పోవచ్చును. వేగము మూడురెట్లు. వేగము మూడురెట్లయినచో ఒక మనిషి అరగంటలో చేరుకొనగల ప్రదేశపు విస్తీర్ణము మూడురెట్లు కాదు, తొమ్మిదిరెట్లు అగును. నడచునప్పుడు ఒక్క బడి, ఒక్క అంగడి అందుబాటులో నున్న పిల్లకు సైకిలు ఇచ్చినచో ఉన్నత పాఠశాల, గ్రంథాలయము, ఆసుపత్రి, సంత అన్నియు అందుబాటులోనికి వచ్చును. విద్యాహక్కు చట్టమునకు చేసిన నియమములలో ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండవలెనని నిర్దేశించిరి. ఆపైని చదువునకు దూరము పెరుగును. పల్లె ఆడపిల్ల చదువు ఆగిపోవునది సరిగా ఆ మలుపులోనే.

దీనికి ప్రత్యక్షమైన నిదర్శనమున్నది. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిళ్లు ఇచ్చు పథకమును ప్రవేశపెట్టినది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను అర్థశాస్త్రవేత్తలు ఆ పథకమును పరిశీలించి 2017లో ప్రకటించిన వ్యాసములో, దానివలన ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల మధ్య అంతరము 40 శాతము తగ్గినదనియు తేల్చిరి. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరముననున్న గ్రామములలోనే ఆ ప్రయోజనము అధికముగా కనబడినది. మనకు దగ్గరగా, తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకపు తొలినాళ్లలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు సైకిలు నేర్చుకొను ఉద్యమమును సాగినది. జిల్లా కలెక్టరు షీలారాణీ చుంకత్ ప్రోత్సాహమున వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరి. కూలికి పోవువారు, రాతిక్వారీలలో పనిచేయువారు, ఆరోగ్య కార్యకర్తలు సైకిలెక్కి, బస్సు కొరకు ఎదురుచూచు అవస్థనుండి విముక్తులైరి. మన రాష్ట్రమునను ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచినారు.

కాని సైకిలు ఇచ్చినంతనే పని ముగియదు. పంక్చరు వేయువాడు ఊరిలో లేనిచో రెండునెలలలో అది దొడ్డిలో కోళ్లు ఎక్కు కమ్మి అగును. ఒకనాడు ప్రతి కూడలిలోను గంటల లెక్కన సైకిలు అద్దెకిచ్చు దుకాణమొకటి ఉండెడిది. అక్కడనే మరమ్మతు, అక్కడనే గాలి. మద్రాసు ప్రక్కన అంబత్తూరులో 1949లో నెలకొల్పబడిన టి.ఐ. కర్మాగారపు హెర్క్యులెస్ సైకిలు దక్షిణదేశపు రైతుకు, తపాలాబంట్రోతుకు, పాలవానికి, ఉపాధ్యాయునికి నమ్మిన బంటు. 1980లో హోసూరునుండి టీవీఎస్ 50 వచ్చిన తరువాత పాలక్యానులు సైకిలు క్యారియరునుండి దానిమీదికి మారినవి. మోటారు కొనగలవాడు కొనుట తప్పు కాదు. అయితే సైకిలు పేదవాని గుర్తు అను చిన్నచూపు మాత్రము మనకు నష్టము తెచ్చినది. మిట్టపల్లములున్న సీమలో సైకిలు త్రొక్కుట కష్టమను మాటయు కొంత నిజమే. పలమనేరు నుండి మొగిలి కనుమ దిగి ఎక్కుమని ఎవ్వరును చెప్పరు. మనము చెప్పునది రెండు మూడు కిలోమీటర్ల దూరమును గూర్చి. అంతటి దూరమున మిట్ట వచ్చినచో దిగి నడిపించుకొనిపోయినను నడకకంటె ముందే చేరవచ్చును. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక గాలిపంపు, నాలుగు పనిముట్లు, నెలకొకసారి వచ్చు మెకానిక్కు — ఇంతమాత్రపు ఏర్పాటు చాలును. పెద్ద తరగతి పిల్లలకు పంక్చరు వేయుట నేర్పినచో అదియు ఒక చదువే.

మూడవది బస్సు. నడకకు, సైకిలుకు బస్సు పోటీ కాదు, వాటి కొనసాగింపు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణమును ప్రభుత్వము కల్పించినది. ఇది పల్లె స్త్రీకి కొంగుబంగారము వంటిది. కాని బస్సు వచ్చు ఊరిలోని స్త్రీకి మాత్రమే. బస్సు రాని ఊరిలో ఉచితము అను మాటకు అర్థములేదు. అక్కడ ఆమె షేర్ ఆటోకు పైకమిచ్చి, పదిమంది నడుమ ఒరిగి కూర్చుండి పోవలసినదే. ప్రతి వాడకు బస్సు తెమ్మని కోరుట సాధ్యము కాకపోవచ్చును. అయినను వాడనుండి బస్సు నిలుచు చోటునకు మంచి బాట, అక్కడ ఎండవానలకు కప్పు, రాత్రికి దీపము, బస్సుల వేళలు తెలుపు పలక, సైకిలు తాళమువేసి ఉంచుటకు ఇనుపకమ్మి — ఇవి సాధ్యములే. వేళ తెలిసిన బస్సు కొరకు మనిషి పదినిమిషములు ముందుగా వచ్చును. వేళ తెలియని బస్సు కొరకు గంట ముందుగా వచ్చి, విసిగి, ఆటో ఎక్కును. బడి విడుచు వేళకు, డిపో బండి బయలుదేరు వేళకు పొత్తు కుదిరినచో, ఒక్క క్రొత్త బస్సైనను కొనకుండ ఎందరో పిల్లలకు మేలు చేయవచ్చును.

ఈ సీమకు ప్రత్యేకమైన ఇబ్బంది మరియొకటి కలదు. పలమనేరు, కుప్పము అడవులలో 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. 1980 దశకమున తమిళనాటి అడవులనుండి వలసవచ్చిన ఏనుగులు ఇక్కడ నిలిచినవి. మునిమాపువేళ, తెల్లవారుజామున అవి అడవి విడిచి పంటలమీదికి వచ్చును. రైతు కాపలాకు పోవునదియు, పాలు పితికి కేంద్రమునకు పోవునదియు సరిగా ఆ వేళలలోనే. 2025లో కర్ణాటక ప్రభుత్వము ఇచ్చిన శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరమున ఉంచి, అడవి ఏనుగులను మరల్చు ప్రయత్నము చేయుచున్నారు. నడుచువాని దృష్టితో చూచినచో, అడవి అంచు గ్రామములకు చీకటి పడకముందే చేరు బస్సు, అడవి ప్రక్క బాటలో పొదలు కొట్టి చూపు సాగునట్లు చేయుట, ఏనుగుల జాడ తెలిసినప్పుడు గుడి మైకులో చాటించుట — ఇవియు రాకపోకల సౌకర్యములే. పల్లె ప్రయాణము ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరుగా ఉండుననుటకు ఇది నిదర్శనము. రాజధానిలో కూర్చుండి గీసిన ఒకే నమూనా అన్ని ఊళ్లకు సరిపడదు.

మరి ఈ పనులు ఎవరు చేయవలెను? 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు పదుమూడవది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు మొదలగు రాకపోకల సాధనములు. కావున గ్రామసభలో ఈ విషయమును చర్చించుట ఎవరినో యాచించుట కాదు. మనకున్న అధికారమును వినియోగించుట. అయితే గ్రామసభకు పోవుటకు ముందు ఒక పని చేయవలెను. ఒక ఉదయమున సర్పంచి, ఉపాధ్యాయుడు, సంఘపు స్త్రీలు, కొందరు పిల్లలు, కఱ్ఱపట్టుకొని నడువగల ఒక పెద్దమనిషి కలిసి, చేత టేపు, నోటుపుస్తకము పట్టుకొని ఊరి దారులను నడువవలెను. బడిదారి, బస్సుదారి, చేలదారి — ఈ మూడింటిని మొదటినుండి చివరివరకు చూడవలెను. ప్రక్కమట్టి ఎక్కడ తెగినది, దీపము ఎక్కడ లేదు, మలుపులో చూపునకు ఏది అడ్డము, వంక ఎక్కడ పొంగును అని వ్రాసికొనవలెను. పెద్దమనిషి ఎక్కడ ఆగెనో, పిల్ల ఎక్కడ భయపడెనో అదియు వ్రాయవలెను. చేలదారి విషయమున, గ్రామపటములో బండిబాట వెడల్పు ఎంత, నేలమీద మిగిలినది ఎంత అని సర్వేయరుచేత కొలిపించవలెను.

ఇట్లు వ్రాసిన పట్టీని మూడు భాగములు చేసినచో దారి సుగమమగును. మొదటి భాగము ఖర్చులేని పనులు: కంప కొట్టుట, పెంటదిబ్బలు తొలగించుట, బస్సువేళలు గోడమీద వ్రాయుట. ఇవి ఆ వారమే జరుగవలెను. రెండవ భాగము పంచాయతీ నిధులకు అందు పనులు: ప్రక్కమట్టి, గ్రావెలు, దీపములు, మొక్కలు, సైకిలు కమ్మీలు. మూడవ భాగము పైవారు చేయవలసిన పనులు: వంకమీద వంతెన, పెద్దరహదారి క్రింద అడుగుదారి, క్రొత్త బస్సు. మొదటి రెండు భాగములు పూర్తిచేసి చూపిన గ్రామము మూడవదానిని అడిగినప్పుడు ఆ అడుగుటలో బలముండును. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దల మాటకు ఇక్కడ అర్థమిదే.

రోడ్డును వాహనముల సంఖ్యతో కొలుచుట సులభము. అందుచేతనే అందరును అట్లు కొలుతురు. పల్లెదారికి వేరొక కొలత ఉన్నది. బడి విడిచిన పిల్ల చీకటి పడకముందు, ఎవరి తోడును లేకుండ, ఎవరికిని భయపడకుండ ఇల్లు చేరగలిగినచో ఆ ఊరికి దారి ఉన్నది. చేరలేనిచో, ఎంత నల్లని తారు పరచియున్నను, ఆ ఊరికి దారి ఇంకను రావలసియున్నది. ఈ కొలతతో మన మన ఊళ్ల దారులను ఒక్కసారి కొలిచి చూడవలెనని శ్రోతలకు నా మనవి.